దారివాడి భార్య చెప్పిన జవాబులు

ఆయన్ని అందరూ పళ్ళ మేస్త్రి అంటారు. డాక్టరు కాదు. డాక్టర్లు నోట్లో అచ్చు తీసి పంపిస్తే, ఆ అచ్చులో ప్లాస్టర్ పోసి, మైనంతో చిగుళ్ళు కట్టి, ఒక్కో పన్నూ వరసగా గుచ్చి, కట్టుడు పళ్ళ సెట్టు చేసే మనిషి. నాలుగు మెట్లు దిగి వెళ్ళాల్సిన గదిలో, చిన్న మంట ముందు, ముక్కుకి గుడ్డ కట్టుకుని కూర్చుంటాడు. జుట్టు నెరిసిందో పొడి పడిందో సాయంత్రం తల కడుక్కుంటే గానీ తేలదు. ఆ చుట్టుపక్కల ముసలివాళ్ళు సగం మంది నమిలేదీ నవ్వేదీ ఆయన చేసిన పళ్ళతోనే. ఆ సంగతి ఎవరైనా పొగిడితే మొహం చిట్లించుకునేవాడు. ఎందుకంటే ఆయన దృష్టిలో ఆయన పళ్ళ మేస్త్రి కాదు, దారివాడు.

అదేమిటో చెప్పాలి. పొగమంచు కోట అని ఒక నవల ఉంది. ఏడు సంపుటాలు, ఒక్కోటి ఇటుకంత. ఆ కోటలో పుట్టినవాళ్ళంతా నాలుగు తెగలు. కత్తివాళ్ళు ముందూ వెనకా చూడకుండా కలబడతారు. దీపంవాళ్ళు చదివి, ఆలోచించి, నలుగురికీ చెప్తారు. గోడవాళ్ళు ఉన్నచోటే ఉండి కాపు కాస్తారు. దారివాళ్ళు ఒకచోట నిలవరు. పొగమంచులోకి వెళ్ళి, ఎవరూ చూడనివి చూసి తిరిగొస్తారు, లేకపోతే రారు. మన మేస్త్రి పెళ్ళికి ముందే మొదటి సంపుటం చదివాడు. చదివి, పుస్తకం మూసి, తను దారివాణ్ణని తేల్చేసుకున్నాడు. కాదనడానికి గదిలో ఇంకెవరూ లేరు.

ఇక అప్పణ్ణుంచీ ఆయన వైభోగం చూడాలి. తలుపు వెనక ఒక కాన్వాసు సంచి ఎప్పుడూ సర్ది ఉండేది. కొండలెక్కే బూట్లు కొన్నాడు. వాటికి శ్రద్ధగా పాలిష్ పట్టేవాడు. ఆ బూట్లు అరిగితే ఆ రుద్దుడుకే అరగాలి తప్ప నడకకి కాదు. ఊరు దాటి వెళ్ళిందల్లా చుట్టాల పెళ్ళిళ్ళకీ చావులకీ. అప్పుడు కూడా సాయంత్రం బస్సుకే తిరిగొచ్చేసేవాడు, పక్క మారితే నిద్రపట్టదని. ఇంట్లో కుళాయి కారితే, "నేను ఇల్లు పట్టుకుని వేళ్ళాడే రకం కాదు" అనేవాడు. పిల్లకి జ్వరమొస్తే ఆస్పత్రి వరండాలో కూర్చోలేకపోయేవాడు, దారివాళ్ళకి కట్టేసినట్టు కూర్చోవడం పడదట. చెయ్యని పనికల్లా ఒక కారణం దొరికింది, అదీ పుస్తకంలో అచ్చయిన కారణం. ఇంతకంటే సుఖం ఇంకేం కావాలి ఏ మగాడికైనా.

తనని తేల్చుకోవడంతో ఆగితే బాగుండేది. కనబడ్డవాళ్ళందరినీ తేల్చేవాడు. కూతురు పుట్టినప్పుడు దాని ఏడుపు విని కత్తి అన్నాడు. తన దగ్గరికి అచ్చులు పంపే డాక్టర్లలో ఎవరు దీపమో ఎవరు గోడో వాళ్ళకే తెలియకుండా పంచిపెట్టాడు. భార్య సంగతి కాపురానికొచ్చిన మొదటి వారంలోనే తేలిపోయింది. ఆవిడ కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు కదల్లేదు. ఇంత నిలకడ గోడవాళ్ళకే ఉంటుంది అనుకున్నాడు. ఆవిడ కిటికీలోంచి దేన్ని చూస్తోందో చూడాలని ఆయనకి తట్టలేదు.

ఆవిడ సర్వే ఆఫీసులో మ్యాపులు గీసేది. వాలు బల్ల మీద పల్చటి ఫిల్ము పరిచి, సన్నటి కలంతో కొండల ఎత్తుపల్లాల గీతలు దించే పని. ఒక గీత ఇంకో గీతని తాకకూడదు. ఊపిరి బిగబట్టి గీసేదట, ఆఫీసులో అంతా ఆవిడ గీతని చూపించి కొత్తవాళ్ళకి నేర్పేవాళ్ళట. ఇంటికొచ్చి ఆవిడ ఎక్కువ మాట్లాడేది కాదు. ఏం ఆలోచిస్తున్నావని ఆయన అడిగేవాడు కాదు. గోడవాళ్ళకి చెప్పుకోవాల్సినవేమీ ఉండవని రెండో సంపుటంలో ఉంది కదా.

ఆ పుస్తకాలంటే ప్రాణం పెట్టేవాళ్ళు ఊళ్ళో ఓ నలభై మంది దాకా తేలారు. కుట్టు మిషన్ల స్కూలు మేడమీద గదిలో నెలకో ఆదివారం కలిసేవాళ్ళు. గుమాస్తాలూ, పంతుళ్ళూ, ఒక బస్సు డ్రైవరూ, మందుల షాపావిడా. బయట ఎవరు ఎంతవాళ్ళైనా ఆ గదిలో తెగని బట్టే గౌరవం. తెగకొక పెద్ద. అందరి మీదా రిటైరైన డ్రాయింగ్ టీచరమ్మ, పుస్తకం ఏ పేజీ అడిగినా చూడకుండా చెప్పగలిగిన మనిషి. దారివాళ్ళ పెద్ద ఆరోగ్యం బాగోక తప్పుకున్నాడు. ఆ కుర్చీ కోసం మన మేస్త్రి సగం జీవితం ఎదురుచూశాడు. చేతికి అందేంత దూరంలోకి వచ్చింది. ఒక్క పరీక్ష మిగిలింది.

ఆ పరీక్ష పేరు బదులు. తెగ పెద్ద కాబోయేవాడు అందరికీ వీపు పెట్టి కూర్చోవాలి. ప్రశ్నలు అడిగేది అతన్ని గురించే, జవాబు చెప్పేది మాత్రం అతను కాదు, అతనితో ఒకే కప్పు కింద పదేళ్ళకి తక్కువ కాకుండా బతికిన మనిషి. ఎవరి గురించి వాళ్ళు చెప్పుకునే జవాబులు ఎప్పుడూ అందంగానే ఉంటాయని, కోటలో ఆ పద్ధతి పెట్టారట. కూర్చున్నవాడు వెనక్కి తిరగకూడదు, నోరు విప్పకూడదు. తిరిగినా విప్పినా పదవి పోయినట్టే. సంఘంలో అన్నిటికంటే పవిత్రమైన నియమం అదే.

ఆ సాయంత్రం భార్య బల్లముందు కూర్చుని కూరగాయలు తరుగుతుంటే వచ్చి నిలబడ్డాడు.

"ఇదిగో, వచ్చే ఆదివారం నువ్వు నాతో సంఘానికి రావాలి."

"నేనెందుకు?"

"బదులు చెప్పాలి. నా గురించి అడుగుతారు. నిజం చెప్తే చాలు."

"మధ్యలో మీరు మాట్లాడతారా?"

"మాట్లాడకూడదు. వెనక్కి తిరగనైనా కూడదు."

"అయ్యేదాకానా?"

"అయ్యేదాకా. వింటూ కూర్చోవడమే."

ఆవిడ కత్తి పక్కన పెట్టింది. "అయితే వస్తాను" అంది.

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటుందని ఆయన అనుకోలేదు. సంబరపడి, కోట గుమ్మం గురించి ఇలా అడుగుతారు, పొగమంచు గురించి అలా అడుగుతారు అని చెప్పబోయాడు. "నాకు తెలుసులెండి, మీతో ఇన్నేళ్ళు కాపురం చేశాను" అంది ఆవిడ. ఆ మాట ఆయన చెవికి దీవెనలా వినిపించింది.

ఆదివారం వచ్చింది. మేస్త్రి ఆ బూట్లే వేసుకుని వెళ్ళాడు. గదిలో కుర్చీలన్నీ నిండాయి. ఆయన్ని గోడవైపు తిప్పి కూర్చోబెట్టారు. ఆ గోడకి కుట్టు స్కూలువాళ్ళు కత్తిరింపుల కాగితాలు వేళ్ళాడదీశారు. చేతులు లేని చొక్కాలు, మెడలేని జాకెట్లు. వాటిని చూస్తూ కూర్చున్నాడు. వెనక భార్య కుర్చీ జరుపుకుని సర్దుకోవడం వినిపించింది.

టీచరమ్మ గొంతు సవరించుకుంది. "కోట గుమ్మం తెరుచుకుంది. బయట పొగమంచు. మళ్ళీ మూసేలోపు ఈయన ఏం చేస్తారమ్మా?"

"బూట్లు తుడుచుకుంటారు" అంది ఆవిడ. "తుడవడం అయ్యేసరికి మూసేస్తారు."

గది గొల్లున నవ్వింది. మేస్త్రి కూడా భుజాలు కదిలేలా నవ్వాడు. ఇంట్లో ఎప్పుడూ లేనిది ఈవిడకి ఇంత హాస్యం ఎక్కణ్ణుంచి వచ్చిందా అనుకున్నాడు.

"తెలియని మనిషి వచ్చి దారి అడిగితే?"

"చాలాసేపు చెప్తారు. అది ఆయన ఎప్పుడూ వెళ్ళని దారి."

మళ్ళీ నవ్వులు, ఈసారి కాస్త తగ్గి. మూడో జవాబుకి ఇంకా తగ్గాయి. జబ్బు మనిషి పక్కన రాత్రంతా కూర్చోవాల్సి వస్తే ఏం చేస్తారంటే, "కూర్చోలేని స్వభావం తనదని నాకు నచ్చజెప్పి పడుకుంటారు" అంది. ఆవిడ గొంతులో కోపం లేదు. ఆఫీసులో మ్యాపు గురించి అడిగితే చెప్పినట్టు చెప్తోంది.

"ఒకే గదిలో ఇద్దరు. పొగమంచులోంచి పిలుపు వచ్చింది. ఈయనకి కాదు, పక్కవాళ్ళకి. ఈయన ఏం చేస్తారు?"

ఇది అందరూ ఎదురుచూసే ప్రశ్న. నిజమైన దారివాడు పక్కవాణ్ణి లేపి, సంచి భుజానికెత్తి, గుమ్మం దాకా సాగనంపుతాడు. ఎవరో దగ్గారు.

"ఆ పిలుపు వచ్చిందని పక్కవాళ్ళకి చెప్పరు" అంది ఆవిడ.

టీచరమ్మ అర్థం కానట్టు, "అంటే?" అంది.

"మా ఆఫీసు నుంచి కొండల్లోకి సర్వే పార్టీ వెళ్తోంది, అప్పట్లో. రెండేళ్ళ పని. టెంట్లలో ఉండాలి, చూసినదాన్ని అక్కడికక్కడే గీయాలి. నన్ను తీసుకెళ్ళమని నేనే అడిగాను. చూసి చెప్తానన్నారు మా ఆఫీసరు. పేర్లు పంపే ముందు ఆదివారం పూట ఇంటికి ఫోను చేశారు. నేను మేడమీద ఉన్నాను. ఈయన ఎత్తారు. ఆవిడ రాదండి, ఇల్లు వదిలి ఉండలేదు, ఆవిడ స్వభావం అలాంటిది కాదు అని చెప్పి పెట్టేశారు. నాకు చెప్పలేదు."

ఆ ఫోను సంగతి ఈ భూమ్మీద తనకీ ఆ ఆఫీసరుకీ తప్ప తెలియదనే మేస్త్రి ఇన్నేళ్ళూ అనుకున్నాడు. తిరుగుదామని మెడ కదిలింది. కదిలి ఆగిపోయింది. సిగ్గుతో ఆగిందని ఎవరైనా అనుకుంటే వాళ్ళ మంచితనం. తిరిగితే పదవి పోతుంది, అందుకు ఆగింది.

"అమ్మా, ఇక్కడితో ఆపేద్దామా?" అంది టీచరమ్మ మెల్లగా.

"వద్దండి. ఆ ప్రశ్నకి జవాబు ఇంకా అవలేదు. పేర్లు వచ్చాయి, నా పేరు లేదు. నా గీత బాగోలేదేమో అనుకున్నాను. చెయ్యి వణుకుతోందేమోనని ఇంటికొచ్చి పాత కాగితాల మీద గీతలు గీసుకునేదాన్ని. ఈయన చూసేవారు. గోడవాళ్ళు ఇంతే, చేసిందే చేస్తారు అనేవారు. ఏళ్ళు గడిచాక మా ఆఫీసరు రిటైరయ్యే రోజున ఆయనే అన్నారు, అమ్మా, మీరు రారని మీ ఆయన చెప్పారు గానీ మీరొస్తే ఎంత బాగుండేదో అని. ఆ ఫోను మాటలన్నీ చెప్పారు. అప్పుడు తెలిసింది. అప్పటికి నా చెయ్యి నిజంగానే వణకడం మొదలుపెట్టింది."

తక్కిన ప్రశ్నలు గబగబా అయిపోయాయి. ఎవరూ నవ్వలేదు. చివరికి టీచరమ్మ లేచి, జవాబుల్ని బట్టి తెగ తేల్చే పద్ధతి ప్రకారం ఆయన భుజం మీద చెయ్యి వేసి, "గోడ" అంది. అంతే అంది. గోడవాళ్ళ పెద్ద, బ్యాంకులో పనిచేసేవాడు, మంచి మనిషి, ఏం చెయ్యాలో తోచక వచ్చి చెయ్యి కలిపి, "రండి అన్నా, మావైపు" అన్నాడు. మేస్త్రి లేచి నిలబడ్డాడు. కాళ్ళు తిమ్మిరెక్కాయి. అందరి మొహాలూ తప్పించుకుని భార్య కోసం చూశాడు. ఆవిడ అప్పటికే చేతిసంచి భుజాన వేసుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

మెట్లు దిగారు. బస్టాపుకి నడిచారు. స్టాపులో బెంచీ ఖాళీగా ఉంటే ఆవిడ కూర్చుంది, ఆయన నిలబడ్డాడు. ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి. ఆవిడ తలెత్తి చూసింది. చాలా ఏళ్ళుగా ఆవిడకి కావాల్సింది ఒక్కటే మాట. చిన్న మాట. అది అంటే ఏమవుతుందో ఆవిడకీ తెలియదు, క్షమిస్తుందో లేదో కూడా తెలియదు, అనాలి, అంతే.

"నాకు ముందే ఎందుకు చెప్పలేదు, తెలిసిందని?" అన్నాడాయన.

"చెప్తే మీ దగ్గర జవాబు ఉంటుంది. ఎప్పుడూ ఉంటుంది. మీరు మాట్లాడకుండా వినే చోటు నాకింతవరకు దొరకలేదు."

ఆయన తలూపాడు. ముక్కు తుడుచుకున్నాడు. లోపల ఏదో ముడి విడిపోయినట్టు, నెమ్మదిగా అన్నాడు.

"ఇన్నాళ్ళూ నన్ను నేనే తప్పు అర్థం చేసుకున్నానే. నేను దారివాణ్ణి కాదు. గోడవాణ్ణి. అందుకే అలా చేశాను."

"అందుకేనా" అంది ఆవిడ.

"మరి? గోడవాళ్ళు ఎవర్నీ పోనివ్వరు. అది వాళ్ళకి తెలియకుండానే జరిగిపోతుంది. నాలుగో సంపుటంలో..."

"ఫోను మోగింది. మీరు ఎత్తారు. మీరు రాదన్నారు." ఆవిడ ఒక్కో మాటా విడివిడిగా అంది. "అక్కడ గోడ లేదు. మీరున్నారు."

"అదే కదా నేను చెప్పేది" అన్నాడు ఆయన, ఆమె తనతో ఏకీభవించిందనుకుని.

బస్సు వచ్చింది. ఇద్దరూ ఎక్కారు. దారిపొడుగునా ఆయన చెప్తూనే ఉన్నాడు. మొదట్లో గొంతు తగ్గించి, తర్వాత మామూలుగా, ఇల్లు దగ్గరపడేసరికి ఉత్సాహంగా. ఊరు దాటి వెళ్ళకపోవడానికి కారణం తెలిసింది. పక్క మారితే నిద్రపట్టకపోవడానికి కారణం తెలిసింది. తన జీవితమంతా ఒక్కసారిగా విడమర్చినట్టు అర్థమవుతోందట. అసలు కొండల్లోకి వెళ్ళి ఉంటే ఆవిడకి ఏమయ్యేదో, తన భయం కూడా ప్రేమేనేమో అని కూడా అన్నాడు. పాతికేళ్ళకి పైగా మోసిన తప్పు బస్సు దిగేసరికి ఆయన భుజాల మీద లేదు. గోడ మీద పెట్టేశాడు. ఆవిడ కిటికీ అద్దానికి తల ఆనించి వింది.

ఇంటికొచ్చాక ఆవిడ బట్టలు మార్చుకుని వంటింట్లోకి వెళ్ళింది. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది. ఆయన గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. చెప్పాల్సిందంతా చెప్పినా ఈవిడ మొహం ఇంకా ఎందుకలా ఉందో ఆయనకి అంతుపట్టలేదు.

"ఇంకేం కావాలి నీకు? నా లోపం నేను తెలుసుకున్నాను కదా" అన్నాడు.

"ఒక్కటి అడుగుతాను. ఆ రోజు ఫోను పెట్టేశాక మీరేం చేశారు?"

"గుర్తులేదు. ఎప్పటి మాట."

గుర్తుంది. ఫోను పెట్టేసి, కుర్చీలోకి వచ్చి, బోర్లా పెట్టిన పుస్తకం మళ్ళీ తీశాడు. దారివాళ్ళ కుర్రవాడు మొదటిసారి కోట వదిలి పొగమంచులోకి వెళ్ళిపోయే ఘట్టం అది. ఆ పేజీలు ఎన్నిసార్లు చదివినా ఆయనకి కన్నీళ్ళు ఆగవు.

"నాకు గుర్తుంది" అంది ఆవిడ. మంట తగ్గించి ఆయనవైపు తిరిగింది. "ఆరేసిన బట్టలు తీసుకుని కిందకి వచ్చాను. మీరు వెక్కివెక్కి ఏడుస్తున్నారు. ఏమైందండీ అని పరిగెత్తుకొచ్చాను. చూడవే, ఆ కుర్రాణ్ణి వాళ్ళమ్మ ఏమీ అనకుండా గుమ్మం తీసి పంపించింది, మనుషులంటే అలా ఉండాలి అన్నారు. మంచినీళ్ళు తెచ్చిచ్చాను. మీరు తాగుతుంటే వీపు నిమిరాను. పాపం, ఈయనకి ఎక్కడికైనా వెళ్ళాలని ఎంత ఉందో అనుకున్నాను."